డబుల్ ఎడ్జ్ రేజరుతో షేవింగ్: కొనడం దగ్గర్నుంచి చెయ్యి కుదిరే దాకా

మూడు బ్లేడ్లు, ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జిలతో ఏళ్ల తరబడి గడ్డం గీసుకున్నవాళ్లకి తెలియకుండానే ఒక అలవాటు పట్టేస్తుంది: నొక్కడం. కార్ట్రిడ్జి తల ముఖాన్ని బట్టి అటూ ఇటూ వంగుతుంది, బ్లేడ్లు ప్లాస్టిక్ చట్రంలో దాక్కుని ఉంటాయి, అందుకని కాస్త గట్టిగా నొక్కినా పెద్దగా ఏమీ కాదు. రెండు పక్కలా పదునున్న పలచటి బ్లేడు ఒకటే వేసుకునే డబుల్ ఎడ్జ్ రేజరు అలా ఊరుకోదు. దాని తల వంగదు, బ్లేడు అంచు బయటికే ఉంటుంది, కోణం మీరే పట్టుకోవాలి. దీన్ని నేర్చుకోవడంలో ముప్పావు వంతు పని ఆ నొక్కే అలవాటును వదిలించుకోవడమే. ఈ వ్యాసంలో ఎక్కువ చోట్ల మళ్లీ అక్కడికే వస్తాను, విసుక్కోకండి.

అసలు ఇంత కష్టపడి దీనికి మారడం ఎందుకు? ఎక్కువ బ్లేడ్లున్న రేజర్లలో ముందు బ్లేడు వెంట్రుకను కొంచెం పైకి లాగుతుంది, అది వెనక్కి పోయేలోగా వెనక బ్లేడు కోస్తుంది. అలా కోసిన కొస చర్మం అంచుకన్నా లోపలికి పోతుంది. చూడ్డానికి నున్నగానే ఉంటుంది గానీ, ఉంగరాల వెంట్రుకలున్నవాళ్లకు ఆ కొసలు చర్మం లోపలే వంకర తిరిగి పెరిగి ఎర్రటి పొక్కులవుతాయి. ఒకటే బ్లేడు ఒకసారి వెళితే ఈ బాధ తగ్గుతుంది. బ్లేడ్ల ఖర్చూ తక్కువే, పారేసే ప్లాస్టిక్ ఉండదు. పొద్దున్నే ఐదు నిమిషాల్లో పని ముగించుకుని పరుగెత్తాల్సినవాళ్లకి మాత్రం ఇది మొదట్లో సరిపడదు. నేర్చుకునే రోజుల్లో ఇరవై నిమిషాలు పక్కన పెట్టుకోవాలి. అంత తీరిక లేకపోతే ఎలక్ట్రిక్ షేవరే మేలు, అందులో నామోషీ ఏమీ లేదు.

రేజరు కొనేముందు

ఈ రేజరుకు దారి వేసింది కింగ్ క్యాంప్ జిలెట్ అనే అమెరికన్ సేల్స్‌మన్. పలచటి రేకులాంటి బ్లేడు చేసి, అరిగాక పారేసి కొత్తది పెట్టుకోవాలన్నది ఆయన ఆలోచన. అంత పలచని స్టీలుకు పదును నిలబెట్టడం మాత్రం ఆయన వల్ల కాలేదు. విలియం నికర్సన్ అనే ఇంజనీరు ఆ చిక్కు విప్పాడు. అమ్మకాలు మొదలైన 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు మాత్రమే. పేటెంటు 1904లో వచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికులకు ఈ రేజర్లు పంచాక ఇంటింటికీ పాకింది. 1971లో రెండు బ్లేడ్ల కార్ట్రిడ్జి వచ్చాకే వెనకబడింది. కొనేవాళ్లకు ఈ చరిత్రలో పనికొచ్చే ముక్క ఒకటుంది. బ్లేడు కొలత దాదాపు అంతటా ఒకటే కాబట్టి, ఈ రోజు ఏ కంపెనీ డబుల్ ఎడ్జ్ బ్లేడైనా ఏ కంపెనీ డబుల్ ఎడ్జ్ రేజరులోనైనా పడుతుంది. రేజరు ఒకసారి కొంటారు, బ్లేడు ఎప్పుడు కావాలంటే అప్పుడు మార్చుకుంటారు. అందుకే రేజరు ఎంపిక గురించి మరీ టెన్షన్ పడనక్కర్లేదు.

చూడాల్సింది ముందుగా రేజరు మెతకదా, దూకుడుదా అన్నది. బ్లేడు అంచుకూ దాని కింద ఉండే గార్డుకూ మధ్య ఉండే సందును గ్యాప్ అంటారు. మెతక రేజర్లలో ఇది అర మిల్లీమీటరు నుంచి 0.7 దాకా ఉంటుంది, దూకుడు రేజర్లలో అంతకన్నా ఎక్కువ. అయితే గ్యాప్ ఒక్కటే చూసి మోసపోకండి. రేజరు పై మూతకూ గార్డుకూ ఆనేలా ఒక స్కేలు పెట్టినట్టు ఊహించుకోండి. ఆ గీతకు బ్లేడు అంచు ఎంత బయటికి పొడుచుకొచ్చిందన్నది ఎక్స్‌పోజర్. చర్మానికి నిజంగా తగిలేది ఇదే. గ్యాప్ ఎక్కువున్నా ఎక్స్‌పోజర్ తక్కువైతే రేజరు మెత్తగానే నడుస్తుంది. కంపెనీలు ఈ రెండో అంకె చెప్పడం అరుదు కాబట్టి వాడినవాళ్ల మాటే నమ్ముకోవాలి. అందరూ మెతకదని చెప్పేదాన్నే కొనండి.

గార్డు నిండు పట్టీలా ఉంటే క్లోజ్డ్ కోంబ్, దువ్వెన పళ్లలా ఉంటే ఓపెన్ కోంబ్. రెండు మూడు రోజులు పెరిగిన గడ్డానికి ఓపెన్ కోంబ్ బాగుంటుంది, ఎందుకంటే పళ్ల మధ్య నుంచి వెంట్రుకలూ నురగా బ్లేడు దాకా వెళతాయి. కొత్తవాళ్లకు క్లోజ్డ్ కోంబే. బ్లేడును ఏటవాలుగా మెలిపెట్టి పట్టే స్లాంట్ రేజర్లు కూడా ఉన్నాయి. బిరుసు గడ్డాన్ని అవి సులువుగా కోస్తాయి గానీ, చేయి తిరిగాక చూద్దాం.

విడదీసే పద్ధతిలో మూడు రకాలు. మూత, కింది ప్లేటు, పిడి మూడూ వేరయ్యేవి మూడు ముక్కల రేజర్లు. మూత ఒక్కటే ఊడేవి రెండు ముక్కలవి. పిడి అడుగున ఉన్న మరను తిప్పితే పైన తలుపుల్లా తెరుచుకునేవి బటర్‌ఫ్లై రకం. బటర్‌ఫ్లైలో బ్లేడు వేయడం చాలా సుఖం. కానీ కదిలే భాగాలెక్కువ, సబ్బు పేరుకుంటే కడగడం కష్టం, తలుపులు సమంగా మూసుకోకపోతే బ్లేడు ఒక పక్క ఎక్కువ బయటికొస్తుంది. నన్నడిగితే మూడు ముక్కలదే. పాడవడానికి అందులో ఏమీ లేదు, బ్లేడు ఎలా కూర్చుంటుందో కూడా కళ్ల ముందే కనిపిస్తుంది.

లోహం సంగతికొస్తే, ఎక్కువ రేజర్ల తలలు జమాక్ అనే మిశ్రమంతో పోతపోసి పైన క్రోమ్ పూత వేసినవే. అందులో ఎక్కువ భాగం జింకు. పూత లేచిపోతే లోపలి లోహం తినేసుకుపోతుంది, నేల మీద పడితే మర తెగిపోవచ్చు. జాగ్రత్తగా వాడితే ఏళ్లు నడుస్తుంది. ఇత్తడివీ స్టెయిన్‌లెస్ స్టీలువీ బతికున్నంత కాలం వస్తాయి, ధర కూడా అలాగే ఉంటుంది. బరువు 60 నుంచి 100 గ్రాముల మధ్య ఉన్నది చూడండి. మరీ తేలికైతే చెయ్యి తనంతట తానే నొక్కడం మొదలుపెడుతుంది.

పేర్లు కావాలంటే: జర్మనీ జోలింగెన్‌లో చేసే మెర్కూర్ 34సి, ఇంగ్లండ్‌కు చెందిన ఎడ్విన్ జాగర్ డిఇ89, దాదాపు అదే తల ఉన్న మ్యూలే ఆర్89. ఈ మూడూ కొత్తవాళ్లకు ఎప్పటినుంచో చెబుతున్నవే. రాక్‌వెల్ 6సితో రెండు వైపులా వాడే మూడు ప్లేట్లు వస్తాయి, అంటే మెతక నుంచి దూకుడు దాకా ఆరు స్థాయిలు. నెంబరు తిప్పి సర్దుకునే అడ్జస్టబుల్ రేజర్లు ఆకర్షణగానే ఉంటాయి గానీ, నేర్చుకునే రోజుల్లో చెయ్యి కుదిరిందా నెంబరు కుదిరిందా అన్నది తేలదు. మ్యూలే ఆర్41 పేరు చాలా వినిపిస్తుంది. అది బాగా దూకుడుది, దాన్ని మొదటి రేజరుగా కొనకండి, అంతే.

బ్లేడు

రేజరు కన్నా ఎక్కువ తేడా చూపించేది బ్లేడే. మందం ఒక మిల్లీమీటరులో పదో వంతు. అంచు మీద ప్లాటినం, క్రోమియం లాంటి లోహాల పూత, ఆపైన జారడానికి నాన్‌స్టిక్ పెనాల మీద వేసే పదార్థం పలచగా వేస్తారు. జపాన్ ఫెదర్ చాలా పదునైనదని పేరు, టర్కీ డెర్బీ మెత్తనిదని పేరు, ఆస్ట్రా సుపీరియర్ ప్లాటినం రెండింటికీ మధ్యన. ఇవి పేర్లు మాత్రమే, మీ గడ్డం వాటి మాట వినాలని లేదు. పదును తక్కువున్న బ్లేడు సురక్షితమనుకోవడం కూడా పొరపాటే. అది వెంట్రుకను కోయకుండా లాగుతుంది, లాగితే చెయ్యి నొక్కుతుంది, నొక్కితే తెగుతుంది.

నాలుగైదు రకాలు కలిపి అమ్మే శాంపిల్ ప్యాక్ తెచ్చుకోండి. కానీ రోజుకో రకం మార్చకండి. మొదటి రెండు మూడు వారాలు ఒకటే రకం బ్లేడు, ఒకటే రేజరు, ఒకటే సబ్బు. అన్నీ ఒకేసారి మారిస్తే మంట దేనివల్ల వచ్చిందో ఎప్పటికీ తెలియదు. చాలామంది ఇక్కడే దారితప్పి, నెల తిరక్కుండా అల్మారా నిండా సామాను పోగేస్తారు.

ఒక బ్లేడు ఎన్ని షేవ్‌లకు వస్తుంది? మామూలుగా మూడు నుంచి ఏడు. బిరుసు గడ్డానికి మూడే. ఎంత ఆలస్యమైనా ఐదో దానికి మార్చేయడం మంచిది, మిగుల్చుకునేది పెద్దగా ఏమీ ఉండదు. వెంట్రుక స్టీలుకన్నా దాదాపు 50 రెట్లు మెత్తనిది, అయినా బ్లేడు మొద్దుబారుతుంది. కారణం ఏమిటో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2020లో సైన్స్ పత్రికలో చూపించారు. అంచు సమంగా అరిగిపోవడమే కాదు, స్టీలు లోపలి అమరిక ఒకే తీరుగా లేని చోట్ల, ఏటవాలుగా వంగిన వెంట్రుక తగిలినప్పుడు అంచు నుంచి సన్నని పెచ్చులు లేచిపోతాయట. అందుకే గడ్డం నానబెట్టడం బ్లేడుకూ మేలే.

సబ్బూ బ్రష్షూ

డబ్బా నొక్కితే వచ్చే ఫోమ్‌తో కూడా పని జరుగుతుంది. కాకపోతే అందులో గాలి ఎక్కువ, జారుడు తక్కువ. ట్యూబులో వచ్చే షేవింగ్ క్రీమ్ కొత్తవాళ్లకు సులువు. గట్టి సబ్బుకు కొంచెం అలవాటు కావాలి. బ్రష్ సింథటిక్ వెంట్రుకలది తీసుకోండి, నానబెట్టక్కర్లేదు, త్వరగా ఆరుతుంది. పంది వెంట్రుకలదైతే ముందు కొన్ని నిమిషాలు నీళ్లలో నానాలి, వాడే కొద్దీ మెత్తబడుతుంది. బ్యాడ్జర్ బ్రష్ నీళ్లు బాగా పట్టి ఉంచుతుంది, అది మోజు పడి కొనుక్కునే వస్తువు.

వీటితోపాటు ఒక పటిక బిళ్ల ఉండాలి. అది ఎందుకో కిందికొస్తే తెలుస్తుంది.

గడ్డం వాలు తెలుసుకోవడం

రేజరు ముట్టుకోకముందే చేయాల్సిన పని ఇది. ఒకటి రెండు రోజులు గడ్డం పెరగనివ్వండి. పొడి చేత్తో వేలి కొసను చెంప మీద పైనుంచి కిందికి, కిందినుంచి పైకి, ఎడమ నుంచి కుడికి, కుడి నుంచి ఎడమకు నడపండి. ఎటు వెళితే నున్నగా ఉంటుందో అది వాలు, ఎటు వెళితే గరుగ్గా తగులుతుందో అది ఎదురు. చెంపల మీద ఎక్కువమందికి వాలు కిందికే ఉంటుంది. తమాషా అంతా మెడ మీదే. అక్కడ కొందరికి వెంట్రుకలు పక్కలకు, కొందరికి కిందినుంచి పైకి, దవడ కింద ఒక చోట సుడి తిరిగి కూడా ఉంటాయి. కుడి పక్క ఒకలా, ఎడమ పక్క ఇంకోలా ఉన్నా ఆశ్చర్యం లేదు. ఒక కాగితం మీద ముఖం బొమ్మ గీసి, బాణం గుర్తులు వేసి, అద్దం పక్కన అంటించుకోండి. చాదస్తంగా అనిపిస్తుంది గానీ, మెడ మీద మంట పుట్టేది ఎక్కువగా ఈ బాణాలు తెలియకపోవడం వల్లే. ఏళ్ల తరబడి కిందినుంచి పైకి లాగుతూ, అదే వాలు అనుకునేవాళ్లు కోకొల్లలు.

బ్లేడు వేయడం

పిడి విప్పి, మూతను తిరగేసి బల్ల మీద పెట్టండి. బ్లేడును పొట్టి అంచులు రెండూ పట్టుకుని తీయాలి, పొడుగు అంచులు పదునువి. కొన్ని బ్లేడ్ల మీద కాగితం కదలకుండా ఉండడానికి వేసిన మైనపు చుక్కలు కనిపిస్తాయి, భయపడకండి. మూత లోపలి పొడవాటి మొలలు బ్లేడు కన్నాల్లోంచి వచ్చేలా కూర్చోబెట్టి, దానిపైన కింది ప్లేటు పెట్టి, పొట్టి పక్కల నుంచే వేళ్లతో అదిమి పట్టుకుని పిడి బిగించండి. బిగుస్తుంటే బ్లేడు మూత వంపును పట్టి కొంచెం విల్లులా వంగుతుంది, అదే దానికి బిర్రు ఇస్తుంది. గట్టిగా బిగించాలని మరీ బలం పెట్టనక్కర్లేదు.

ఇప్పుడు రేజరును కళ్లకెదురుగా పెట్టి వెలుతురులో చూడండి. రెండు పక్కలా బ్లేడు అంచు గార్డుకు సమాంతరంగా, సమానంగా కనిపించాలి. ఒక మూల ఎక్కువ బయటికొస్తే విప్పి మళ్లీ వేయండి. ఈ అర నిమిషం తనిఖీ మానకండి.

ముఖం నానబెట్టి, నురగ కట్టడం

వెంట్రుక నీళ్లు పీల్చుకుని మెత్తబడుతుంది, అప్పుడు కోయడానికి చాలా తక్కువ బలం చాలు. అందుకు రెండు మూడు నిమిషాలైనా పడుతుంది. స్నానం చేసిన వెంటనే షేవ్ చేసుకోవడం అన్నిటికన్నా సులువు. లేదంటే ముఖం సబ్బుతో కడిగి, గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన తువ్వాలు ముఖం మీద వేసుకోండి. నీళ్లు మరీ వేడిగా ఉంటే చర్మం ఎర్రబడి ముందే చికాకు పడుతుంది.

తడిపిన బ్రష్‌ను ఒకటి రెండుసార్లు విదిలించండి. క్రీమ్ అయితే రెండు సెంటీమీటర్ల పొడుగు చాలు. గట్టి సబ్బు అయితే దాని మీద బ్రష్‌ను అర నిమిషం తిప్పాలి. తర్వాత గిన్నెలోనో, నేరుగా ముఖం మీదనో తిప్పుతూ, మధ్యమధ్యలో కొద్ది చుక్కల నీళ్లు చేర్చుతూ పోవాలి. కొత్తవాళ్లు దాదాపు అందరూ నీళ్లు తక్కువ వేస్తారు. తెల్లగా, బోలెడంత, టీవీ ప్రకటనలో లాగా పొంగగానే అయిపోయిందనుకుంటారు. అది ఇంకా పొడి నురగే. ఇంకొన్ని చుక్కలు వేసి తిప్పితే ఆ పొంగు కొంచెం అణిగి, పైన మెరుపు వచ్చి, గిలకొట్టిన పెరుగులా చిక్కగా అవుతుంది. కావాల్సింది అదే. రెండు వేళ్ల మధ్య రుద్దితే సర్రున జారాలి. పెద్ద పెద్ద బుడగలొచ్చి కారిపోతుంటే నీళ్లెక్కువైనట్టు, అప్పుడు ఇంకాస్త సబ్బు పట్టించండి. నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉండే చోట సబ్బు ఎక్కువ పడుతుంది.

ముఖానికి నురగ పూసేటప్పుడు బ్రష్‌ను గుండ్రంగా తిప్పితే వెంట్రుకలు లేచి నిలబడతాయి. పొర మరీ మందంగా వద్దు, ఎక్కడ గీస్తున్నారో కనబడాలి.

మొదటి గీత

మొదటి రోజు చెంపలు మాత్రమే చేయండి. మెడ, పెదవి పాత రేజరుతో ముగించుకోండి. ఎవరూ అడగరు.

పిడిని వేళ్ల కొసలతో పట్టుకోండి, పిడికిలితో కాదు. బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు చాలు. పిడి కింది సగంలో పట్టుకుంటే నొక్కడం కష్టమవుతుంది, అదే మనకు కావాలి.

ఇక కోణం. రేజరు మూతను చెంపకు ఆనించండి, పిడి ముఖానికి నిటారుగా బయటికి ఉండేలా. ఈ స్థితిలో బ్లేడు చర్మానికి తగలదు. ఇప్పుడు పిడిని నెమ్మదిగా కిందికి వంచుతూ రండి. ఒక చోట బ్లేడు అంచు చర్మానికి తగిలినట్టు తెలుస్తుంది. అక్కడ ఆగండి. చర్మానికీ బ్లేడుకూ మధ్య సుమారు 30 డిగ్రీలు ఉంటుంది, కొలవనక్కర్లేదు. ఆ కోణంలోనే వాలు వెంట రెండు మూడు సెంటీమీటర్లు కిందికి గీయండి. రేజరు బరువే పని చేయాలి, మీ చెయ్యి దానికి దారి మాత్రం చూపించాలి.

శబ్దం వినండి. కోణం కుదిరినప్పుడు సన్నగా, గరగరమని, వెంట్రుకలు తెగుతున్న చప్పుడు స్పష్టంగా వినిపిస్తుంది. పిడి మరీ పైకి లేస్తే మూత మాత్రమే జారుతుంది, చప్పుడు ఉండదు, నురగ పోతుంది, గడ్డం ఉంటుంది. మరీ కిందికి వంగితే చప్పుడు గరుకుగా మారి చర్మాన్ని గీకుతున్నట్టు ఉంటుంది. స్నానాలగదిలో ఫ్యాను, పాటలు ఆపేయండి, కొన్నాళ్లు చెవే గురువు. దవడ మలుపు తిరిగే చోట ముఖం వంపు మారుతుంది కాబట్టి పిడి కూడా దాంతోపాటు తిరగాలి. మణికట్టును బిగబట్టి మోచేతిని కదిలిస్తే కోణం జారిపోదు.

రెండు మూడు గీతలకొకసారి రేజరును తిప్పి రెండో పక్క వాడండి, తర్వాత నీళ్లలో ఆడించి కడగండి. రెండో చేత్తో చర్మాన్ని సాగదీసి పట్టుకోండి. చర్మం బిగుతుగా ఉంటేనే బ్లేడు సాఫీగా వెళుతుంది. నురగకు వేళ్లు జారుతుంటే, తడి పటికను వేలి కొసలకు రుద్దుకోండి, పట్టు దొరుకుతుంది.

ఒకటి మాత్రం ఎప్పుడూ చేయకూడదు: బ్లేడు చర్మానికి తగిలి ఉండగా రేజరును పక్కకు జరపడం. బ్లేడు దాని అంచుకు అడ్డంగానే కదలాలి. అంచు పొడుగునా జారితే అది గీయదు, కోస్తుంది. పొడవాటి సన్నని గాట్లు దాదాపు అన్నీ ఇలా పడ్డవే.

నురగ పోయిన చోట మళ్లీ గీయకండి. ఒక వెంట్రుక మిగిలింది కదా అని పొడి చర్మం మీద ఇంకోసారి లాగారంటే సాయంత్రం దాకా ఆ చోటే గుర్తుచేస్తుంది. మిగిలింది మిగలనివ్వండి, తర్వాతి రౌండు ఉంది.

కష్టమైన చోట్లు

పై పెదవి దగ్గర పెదవిని పళ్ల మీదికి లాగి చర్మాన్ని బిగించండి. ముక్కు కొసను వేలితో కొంచెం పైకెత్తితే చోటు దొరుకుతుంది. అక్కడ గీత సెంటీమీటరు మించకూడదు.

గదవ గుండ్రంగా ఉంటుంది, వెంట్రుకలు కూడా అక్కడే బిరుసు. అందుకే దాన్ని ఆఖరికి ఉంచండి, వెంట్రుకలు నురగలో ఎక్కువసేపు నానుతాయి. కింది పెదవిని పళ్ల మీదికి ముడిస్తే గదవ చదునవుతుంది. చిన్న చిన్న గీతలతో, ప్రతి గీతకూ కోణం మళ్లీ సరిచూసుకుంటూ వెళ్లండి.

దవడ ఎముక మీద నేరుగా గీయడం కంటే, చర్మాన్ని పైకి చెంప మీదికి లాగి, ఎముక మీద లేని చోట గీయడం సులువు. కంఠమణి, అంటే మింగినప్పుడు కదిలే ఆ ఉబ్బు దగ్గర కూడా ఇదే ఉపాయం. చర్మాన్ని వేళ్లతో పక్కకు లాగి, చదునైన చోట గీసి, వదిలేయండి. మెడకు తల కొంచెం పైకెత్తి, చర్మాన్ని మెడ కింద అడ్డంగా ఉండే ఎముక వైపు కిందికి లాగాలి. తల మరీ వెనక్కి వాలిస్తే చర్మం అతిగా సాగి వెంట్రుకల మొదళ్లు పైకి లేస్తాయి, బ్లేడు వాటిని చెక్కేస్తుంది.

పుట్టుమచ్చలు, మొటిమలు ఉన్నచోట చుట్టూ తిరిగి వెళ్లండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును ఒక మాట అడిగి మొదలుపెట్టడం మంచిది.

రెండో రౌండు, మూడో రౌండు

మొదటి రౌండు వాలు వెంట. దాంతో గడ్డం పూర్తిగా పోదు, తగ్గుతుంది. అసలు ఈ పద్ధతి లెక్కే అది: ఒక్కసారిగా నున్నగా చేయడం కాదు, విడతలవారీగా తగ్గించుకుంటూ పోవడం. మొదటి వారం పది రోజులు ఒక్క రౌండుతో ఆపేయండి. చేత్తో తడిమితే కాస్త గరుకు తెలుస్తుంది, చూసేవాళ్లకు తెలియదు.

మంట లేకుండా అది అలవాటయ్యాక ముఖం కడిగి, మళ్లీ నురగ పూసి, వాలుకు అడ్డంగా రెండో రౌండు గీయండి. చెంప మీద చెవి వైపు నుంచి ముక్కు వైపుకు అన్నమాట. చాలామందికి ఇంతటితో సరిపోతుంది, రోజూ షేవ్ చేసుకునేవాళ్లు ఇక్కడే ఆగితే చర్మం దీర్ఘకాలం బాగుంటుంది.

వాలుకు ఎదురు గీసే మూడో రౌండు నెలరోజుల తర్వాతి మాట. అప్పుడు కూడా ముందు చెంపల మీద ప్రయత్నించి, మెడను ఆఖరున చూడండి. ఉంగరాల వెంట్రుకలుండి, లోపలికి పెరిగి పొక్కులొచ్చేవాళ్లు ఎదురు గీతను పూర్తిగా మానేయడమే ఉత్తమం. ఎంత నున్నగా చేశారో అంత ఎక్కువ పొక్కులొస్తాయి.

తర్వాత

చల్లని నీళ్లతో కడిగి, తడి పటికను ముఖమంతా నెమ్మదిగా రుద్దండి. అర నిమిషం ఆగి కడిగేయండి. సన్నని గాట్ల రక్తం ఆగుతుంది. నాకు పటిక ఇష్టం ఇంకో కారణం వల్ల: అది మీ షేవ్‌కు మార్కులు వేస్తుంది. ఎక్కడ చురుక్కుమంటే అక్కడ నొక్కారు, లేదా కోణం తప్పారు. ఎక్కడా ఏమీ అనిపించకపోతే చెయ్యి కుదురుతున్నట్టే. మంట ఎక్కడుందో రోజూ గమనిస్తే మెడ ఎడమ పక్కనో, గదవ కిందనో ఒకే చోట పదేపదే వస్తుందని తెలుస్తుంది, మరుసటి రోజు అక్కడ జాగ్రత్త పడవచ్చు.

తువ్వాలుతో రుద్దకుండా అద్ది తుడుచుకుని, ఆల్కహాలు లేని బామ్ గానీ మామూలు మాయిశ్చరైజర్ గానీ రాయండి. ఘాటుగా మండే ఆఫ్టర్‌షేవ్ హాయిగా అనిపించవచ్చు, పొడి చర్మం వాళ్లకు మాత్రం అది ఇంకా ఎండగొడుతుంది.

ఏదైనా తేడా వస్తే

బ్లేడు వెంట్రుకలను లాగుతున్నట్టుంటే ముందు నురగ చూడండి, ఎక్కువసార్లు అది పొడిగా ఉంటుంది. నురగ బాగున్నా లాగితే బ్లేడు మార్చండి. సూదిమొన చుక్కల్లా రక్తం కనిపిస్తే నొక్కుతున్నారు, లేదా ఎదురు రౌండుకు తొందరపడ్డారు. మెడంతా ఎర్రగా మండితే బాణాల కాగితం మళ్లీ గీయండి. రోజూ అదే చోట వెంట్రుకలు మిగిలితే అక్కడ వాలు మీరనుకున్న దిక్కులో లేదు.

అన్నీ సరిగ్గా చేస్తున్నా మంట తగ్గకపోతే రెండు మూడు రోజులు రేజరు ముట్టుకోకండి. చికాకుగా ఉన్న చర్మం మీద నేర్చుకునేది ఏమీ ఉండదు. పొక్కుల్లో చీము పడితే మాత్రం చర్మ వైద్యుడికి చూపించాలి.

శుభ్రం చేయడం, పాత బ్లేడ్లు

షేవ్ అయ్యాక రేజరును ధారగా పారే నీళ్లకింద పెట్టి, విదిలించి, గాలికి ఆరనివ్వండి. బ్లేడు అంచును గుడ్డతో తుడవకండి, పూత పోతుంది, వేలు కూడా తెగొచ్చు. వారానికోసారి ముక్కలు విప్పి పాత టూత్‌బ్రష్‌తో సబ్బు వదిలించండి. బ్రష్‌ను బాగా కడిగి, నీళ్లు విదిలించి, గాలి తగిలే చోట ఆరబెట్టండి.

మీ బ్లేడు ఇంకొకరికి ఇవ్వకండి, ఇంకొకరిది వాడకండి. కంటికి కనబడని గాటు ద్వారా కూడా హెపటైటిస్ బి, సి లాంటివి అంటుకోగలవు.

అరిగిన బ్లేడును చెత్తబుట్టలో ఉత్తినే పడేస్తే, ఆ సంచి ఎత్తే మనిషి చెయ్యి తెగుతుంది. ఒక రేకు డబ్బాకు మూత మీద సన్నని చీలిక పెట్టి, మూతను అంటించేసి, అందులో వేస్తూ పోండి. కొన్ని బ్లేడ్ల ప్యాకెట్టు అడుగునే పాతవి దూర్చడానికి చీలిక ఉంటుంది. డబ్బా నిండాక మూత, చీలిక టేపుతో చుట్టి, మీ ఊళ్లో పదునైన చెత్తను విడిగా తీసుకునే ఏర్పాటుంటే అక్కడ ఇవ్వండి.

విమానంలో వెళుతుంటే బ్లేడ్లను చేతి సంచిలో పెట్టుకోకూడదు, చెక్-ఇన్ సామానులోనే పెట్టాలి. బయల్దేరేముందు రేజరు విప్పి చూసుకోండి, మొన్నటి బ్లేడు అందులోనే ఉండిపోతుంది చాలాసార్లు.